డబ్బా కెమెరా ధర ఒక్కోచోట ఒక్కోలా ఎందుకుంటుంది?

పాత వస్తువులు అమ్మే ఆన్‌లైన్ పేజీల్లో 'ఆగ్ఫా క్లిక్ త్రీ' అని వెతికి చూడండి. అదే కెమెరాను ఒకరు కొన్ని వందలకు ఇచ్చేస్తామంటారు. పక్క ప్రకటనలో ఇంకొకరు దానికే 'అరుదైన యాంటిక్' అని పేరు తగిలించి వేలు అడుగుతారు. తాతగారి పెట్టెలో దొరికిన కెమెరాకు లక్షలొస్తాయని నమ్మకంగా ఎదురుచూసేవాళ్లూ తక్కువేం లేరు. మరోపక్క ఫిల్మ్ ఫొటోగ్రఫీ మీద కుర్రకారుకు మళ్లీ మోజు పుట్టింది. దాంతో దశాబ్దాలుగా అటక మీద పడున్న డబ్బాలు ఒక్కొక్కటే కిందికి దిగుతున్నాయి.

ఈ గందరగోళంలో మూడు ప్రశ్నలు కలగలిసిపోయాయి. ఇది ఎంత పాతది? ఎన్ని మిగిలాయి? ఇప్పటికీ ఫొటో తీస్తుందా? మొదటిదానికి జవాబు తెలిస్తే మిగతా రెండూ తెలిసిపోయినట్టే అనుకోవడంతో చిక్కంతా వస్తోంది. నిజానికి చాలాసార్లు ఈ మూడూ మూడు దారుల్లో పోతాయి.

## డబ్బా కెమెరా అని దేన్ని అనాలి

వెలుతురు చొరబడని ఒక పెట్టె. ముందు గోడలో ఒక చిన్న లెన్స్. దాని దగ్గరే స్ప్రింగుతో అటూ ఇటూ కదిలే రేకు, అదే షట్టర్. వెనక ఫిల్మ్. దూరం సరిచేసుకునే ఏర్పాటు సాధారణంగా ఉండదు. షట్టర్ వేగం ఒక్కటే. తీసేవాళ్లు చేయాల్సిన పని ఎండకు వీపు పెట్టి నిలబడి మీట నొక్కడం.

ఈ ఆలోచనను జనంలోకి తెచ్చింది అమెరికాలోని రోచెస్టర్‌కు చెందిన జార్జ్ ఈస్ట్‌మన్. 1888లో వచ్చిన ఆయన తొలి కోడక్ ధర 25 డాలర్లు. లోపల 100 ఫొటోలకు సరిపడా ఫిల్మ్ ఉండేది. అది అయిపోతే కెమెరాను కెమెరాగానే రోచెస్టర్‌కు పంపాలి. 10 డాలర్లు తీసుకుని ఫొటోలు కడిగి, కొత్త ఫిల్మ్ వేసి తిరిగి పంపేవారు. అప్పటి లెక్కలో అది సంపన్నుల సరదాయే. 1900 ఫిబ్రవరిలో వచ్చిన బ్రౌనీ దాన్ని మార్చింది. ఫ్రాంక్ బ్రౌనెల్ రూపొందించిన ఆ అట్టపెట్టె ధర ఒక్క డాలరు. పిల్లలను ఉద్దేశించి అమ్మారు గానీ ఇంటిల్లిపాదీ వాడారు.

ఆ తర్వాత ఆరు దశాబ్దాల పాటు ఈ అమరికలో పెద్ద మార్పు లేదు. మారిందల్లా పైపొర. అట్ట పోయి రేకు వచ్చింది. రేకు పోయి బేకలైట్ అనే తొలితరం గట్టి ప్లాస్టిక్, అది పోయి మామూలు ప్లాస్టిక్ వచ్చాయి. (బేకలైట్‌ను కనిపెట్టిన లియో బేకలాండ్ అంతకుముందు 'వెలాక్స్' అనే ఫొటో కాగితం తయారుచేసి, 1899లో ఆ వ్యాపారాన్ని ఈస్ట్‌మన్‌కే అమ్మాడు. ఆ డబ్బుతో పెట్టుకున్న ప్రయోగశాల నుంచే బేకలైట్ పుట్టింది. చివరికి అది తిరిగి కోడక్ కెమెరాల ఒంటి మీదికే చేరింది.)

ఇక్కడ రెండు తికమకలు. మొదటిది: బజారు ఫుట్‌పాత్‌ల మీద, తీర్థాల్లో, కోర్టుల ముందు నల్లగుడ్డ కప్పుకుని తీసే చెక్క కెమెరాను కూడా కొందరు బాక్స్ కెమెరా అంటారు. దాని లోపలే చిన్న డార్క్‌రూమ్ ఉంటుంది. తీసినవాడే లోపల చెయ్యి పెట్టి అక్కడికక్కడే కాగితం కడిగి ఇస్తాడు. అది వృత్తి పనిముట్టు, దాని కథ వేరు. ఈ వ్యాసం ఇళ్లలో వాడిన డబ్బా గురించి.

రెండో తికమక సేకర్తల మధ్యే ఉంది. గుండ్రటి అంచులున్న బేకలైట్ బ్రౌనీ హాకైని డబ్బా అనొచ్చా? పైనుంచి చూసే పెద్ద అద్దంతో, ఖరీదైన రెండు లెన్సుల కెమెరాలా కనిపించే కోడక్ డువాఫ్లెక్స్ సంగతేంటి? ఆకారాన్ని బట్టి పేరు పెట్టాలనేవాళ్లు వీటిని బయట ఉంచుతారు. లోపలి అమరికే ముఖ్యమనేవాళ్లు కలుపుకుంటారు. నాకైతే రెండో వాదనే సబబుగా తోస్తుంది. ఒంటి లెన్స్, ఒకటే వేగం, కదలని ఫోకస్ ఉన్నప్పుడు ఒళ్లు నలుచదరంగా లేకపోయినా అది డబ్బాయే. అయితే ఈ లెక్కన జర్మనీ వారి జైస్ ఐకాన్ బాక్స్ టెంగార్ ఇబ్బంది పెడుతుంది. చూడటానికి అచ్చం పెట్టె. కానీ దూరాన్ని బట్టి మూడు స్థానాల్లో ఫోకస్ మార్చుకోవచ్చు. దాని లెన్స్ కూడా మిగతావాటికంటే మెరుగైంది. అందుకే 1956 వరకు తయారైన ఆ కెమెరాను డబ్బాల్లో దొరబాబుగా చూస్తారు.

## యాంటిక్, వింటేజ్: ప్రకటనలో ఒకటి, చట్టంలో ఒకటి

మన దేశంలో 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం పురావస్తువు అనిపించుకోవాలంటే మామూలుగా కనీసం 100 ఏళ్ల వయసుండాలి. రాతప్రతుల లాంటివాటికి 75 ఏళ్లు చాలు. అలాంటి వస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు. కాబట్టి 1950ల నాటి కెమెరాను యాంటిక్ అనడం అమ్మేవాళ్ల వాడుకే తప్ప చట్టం మాట కాదు. వింటేజ్ అనే మాటకైతే ఏ చట్టమూ హద్దు గీయలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945 నుంచి 1960ల మధ్య దాకా వచ్చినవాటిని సేకర్తలు ఒక గుంపుగా చూస్తారు. దానికో కారణం ఉంది. 1963లో కోడక్ ఇన్‌స్టామాటిక్‌ను తెచ్చింది. ఫిల్మ్‌ను చేత్తో ఎక్కించే పని లేకుండా కార్ట్రిడ్జ్ పెట్టి మూత వేస్తే చాలు. అక్కడినుంచి పశ్చిమ దేశాల్లో డబ్బా కెమెరా రోజులు దగ్గరపడ్డాయి.

## ఒంటి లెన్స్ అన్నీ ఎలా చూస్తుంది

ఫోకస్ మార్చే ఏర్పాటు లేకపోయినా పది అడుగుల దగ్గరున్న మనిషి, వెనక కొండ, రెండూ స్పష్టంగానే వచ్చినట్టు పాత ఆల్బమ్‌లలో కనిపిస్తుంది. ఇది లెన్స్ గొప్పతనం కాదు. చిన్న కన్నం, చిన్న ప్రింటు కలిసి చేసిన పని.

లెక్క వేసి చూద్దాం. లెన్స్ ఫోకల్ పొడవు 75 మిల్లీమీటర్లు, కన్నం ఎఫ్/11, అంటే ఆ పొడవులో పదకొండో వంతు వెడల్పు అనుకుందాం. ఫిల్మ్ ఎంత సైజో అంతే సైజు ప్రింటు తీస్తే, మిల్లీమీటరులో పదో వంతు వరకు మసకను కన్ను పట్టించుకోదని పెట్టుకుందాం. 75ను 75తో గుణిస్తే 5625. దాన్ని 11తోనూ 0.1తోనూ భాగిస్తే సుమారు 5114 మిల్లీమీటర్లు, అంటే 5.1 మీటర్లు. లెన్స్‌ను ఆ దూరానికి బిగించేస్తే, దానిలో సగం నుంచి, అంటే 2.6 మీటర్ల నుంచి, కనుచూపు మేర దాకా అంతా స్పష్టంగా ఉన్నట్టే లెక్క. డబ్బా కెమెరాలతో వచ్చిన పుస్తకాల్లో మనిషి ఎనిమిది పది అడుగుల అవతల నిలబడాలని చెప్పింది ఇందుకే.

ఇప్పుడు అదే నెగటివ్‌ను రెండింతలు పెద్దది చేద్దాం. మసక కూడా రెండింతలవుతుంది కాబట్టి ఫిల్మ్ మీద సగమే సహించగలం, అంటే 0.05 మిల్లీమీటర్లు. లెన్స్ ఇంకా 5.1 మీటర్ల దగ్గరే ఉంది. ఈసారి స్పష్టంగా ఉండేది 3.4 మీటర్ల నుంచి 10.2 మీటర్ల వరకే. కొండ మసకబారింది. కెమెరా మారలేదు, లెన్స్ మారలేదు, మనం చూసే సైజు మారింది. డబ్బా కెమెరా నెగటివ్‌ను స్కాన్ చేసి కంప్యూటర్ తెర నిండా పెట్టుకుని "లెన్స్ పాడైందండీ" అనేవాళ్లలో చాలామంది చూస్తున్నది ఈ లెక్కనే.

ఇంకో చిక్కుంది. ఒకే గాజుబిళ్ల లెన్స్ మధ్యలో బాగానే పనిచేసినా అంచుల్లో పట్టు తప్పుతుంది. అది ఇచ్చే బొమ్మ చదునుగా కాకుండా కొంచెం గిన్నెలా వంగి ఉంటుంది. దీనికి తెలివైన విరుగుడు 1954లో వచ్చిన జర్మన్ ఆగ్ఫా క్లాక్‌లో కనిపిస్తుంది. లెన్స్‌ను సరిచేయడం ఖరీదు కాబట్టి ఫిల్మ్‌నే వంచారు. దాని వీపు అర్ధచంద్రంలా ఉండటం సోకు కోసం కాదు. 1952లో ఇంగ్లండ్‌లో మొదలైన బ్రౌనీ 127లోనూ ఇదే పద్ధతి.

## ఎండలో తీస్తే ఎంత ఎక్కువ

షట్టర్ వేగం ఒకటే అయినప్పుడు ఈనాటి ఫిల్మ్ దేనికి సరిపోతుంది అన్నది రెండో లెక్క. ఫొటోగ్రాఫర్లు వాడే పాత సూత్రం ప్రకారం మంచి ఎండలో ఎఫ్/16 కన్నంతో, ఐఎస్ఓ 100 ఫిల్మ్‌కు సెకనులో వందో వంతు వెలుగు చాలు (ఐఎస్ఓ అంటే ఫిల్మ్ వెలుగును పట్టే చురుకుదనానికి కొలత). డబ్బా కెమెరాలో కన్నం ఎఫ్/11, వేగం సెకనులో 40వ వంతు అనుకుందాం. ఎఫ్/16 బదులు ఎఫ్/11 అంటే రెట్టింపు వెలుగు. వందో వంతు బదులు 40వ వంతు అంటే రెండున్నర రెట్లు. రెండూ కలిస్తే అవసరానికి ఐదు రెట్లు.

ఐదు రెట్లు ఎక్కువంటే ఫిల్మ్ పాడైపోతుందా? నలుపు తెలుపు నెగటివ్ ఫిల్మ్‌కు అంత ఓర్పుంది. నెగటివ్ కాస్త దట్టంగా వస్తుంది, ప్రింటు బాగానే వస్తుంది. నెగటివ్ లేకుండా నేరుగా బొమ్మ ఇచ్చే స్లైడ్ ఫిల్మ్‌కు ఆ ఓర్పు లేదు, తెల్లగా తేలిపోతుంది. ఐఎస్ఓ 400 ఫిల్మ్ వేస్తే మండుటెండలో ఇరవై రెట్లు అవుతుంది, అది మరీ ఎక్కువ. అదే మబ్బు పట్టిన రోజున వెలుగు ఎండలో ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అప్పుడు ఐఎస్ఓ 100కు కాస్త చాలదు, ఐఎస్ఓ 400కు రెండున్నర రెట్లు, హాయిగా సరిపోతుంది. కాబట్టి 'డబ్బా కెమెరాకు ఏ ఫిల్మ్ మంచిది' అన్నదానికి ఒకే జవాబు ఉండదు. అనంతపురం మే నెలకు ఒకటి, కోనసీమ ఆషాఢానికి ఇంకొకటి.

## అసలు మెలిక రీలు నంబర్లో ఉంది

ఒక డబ్బా వాడదగినదా, అలంకారమా అన్నది ఎక్కువసార్లు తేల్చేది దాని రీలు సైజు. మూడు నంబర్లు తెలిస్తే చాలావరకు పని జరుగుతుంది.

120: కోడక్ 1901లో నం. 2 బ్రౌనీ కోసం తెచ్చింది. ఇవాళ్టికీ తయారవుతోంది, దొరుకుతోంది. నూట పాతికేళ్లుగా నిలిచిన సైజు ఇది.

620: 1930ల మొదట్లో కోడక్ తెచ్చింది. ఫిల్మ్, వెనక కాగితం 120వే. మారింది స్పూల్, అంటే ఫిల్మ్ చుట్టే కండె. మధ్య కడ్డీ సన్నం, చక్రాలు చిన్నవి. దీంతో ఆ కెమెరా కొన్నవాళ్లు ఆ కొత్త స్పూల్ రీలే కొనాల్సి వచ్చేది. 1995లో కోడక్ దీన్ని ఆపేసింది. బ్రౌనీ హాకై, డువాఫ్లెక్స్ లాంటి లక్షలాది అమెరికన్ కెమెరాలు ఇక్కడే ఇరుక్కున్నాయి.

127: 1912లో వచ్చింది, 46 మిల్లీమీటర్ల వెడల్పు. పెద్ద సంస్థలు వదిలేశాయి, చిన్న ఎత్తున అక్కడక్కడా తయారవుతుంది. వెతుక్కోవాలి, ఎక్కువ పెట్టుకోవాలి.

620 వాళ్లకు దారి మూసుకుపోలేదు. చీకట్లో 120 రీలును విప్పి పాత 620 స్పూల్ మీదికి చుట్టుకోవచ్చు. అలా చుట్టి అమ్మే చిన్న సంస్థలూ ఉన్నాయి. చాలా హాకైలలో విప్పే వైపు 120 రీలు అలాగే పడుతుంది, చుట్టుకునే వైపు మాత్రం 620 స్పూల్ ఉండాలి. అందుకే లోపల ఖాళీ 620 స్పూల్ ఉన్న కెమెరా, లేని కెమెరా చూడటానికి ఒకలాగే ఉన్నా కొనేవాళ్లకు ఒకటి కాదు. కొందరు 120 స్పూల్ చక్రాల అంచులను గోరుకత్తెరతో కత్తిరించి ఇరికిస్తారు. ఇంకొందరు కెమెరా లోపలి ఒరనే అరగదీస్తారు. స్పూల్ కత్తిరిస్తే పోయేది ఒక ప్లాస్టిక్ ముక్క. కెమెరా అరగదీస్తే మళ్లీ వెనక్కి రాదు. సేకర్తలు దీన్నెందుకు తప్పుపడతారో అర్థమవుతుంది.

ఖర్చు కూడా రీలుతోనే ముడిపడి ఉంది. 120 రీలు ఒకటి 800 రూపాయలు, కడిగి స్కాన్ చేయడానికి 400 అని లెక్క కోసం అనుకుందాం. చదరపు 6×6 సెంటీమీటర్ల కెమెరాలో 12 ఫొటోలు వస్తాయి, ఒక్కోటి 100 రూపాయలు. 6×9 ఫొటో తీసే ఆగ్ఫా క్లాక్‌లో 8 మాత్రమే, ఒక్కోటి 150. కెమెరా చవగ్గా వచ్చిందని సంబరపడినవాళ్లకు నాలుగో రీలు దగ్గర అసలు ధర తెలుస్తుంది.

వెనక ఉండే ఎర్ర కిటికీ గురించీ ఒక మాట. ఫిల్మ్ వెనక కాగితం మీద అచ్చయిన నంబర్లను అందులోంచి చూసి, ఒక ఫొటో తర్వాత ఒకటి తిప్పుకోవాలి. ఎరుపే ఎందుకంటే అప్పటి ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్‌కు ఎర్ర వెలుగు అంటేది కాదు. తర్వాత వచ్చిన పాంక్రొమాటిక్ ఫిల్మ్ అన్ని రంగులనూ చూస్తుంది, ఎరుపుతో సహా. కోడక్ వారి వెరిక్రోమ్ ఫిల్మ్ కూడా 1956లో వెరిక్రోమ్ పాన్‌గా మారింది. అందువల్ల ఈనాటి ఫిల్మ్ వేసినప్పుడు ఆ కిటికీని మూసి ఉంచి, నీడలో మాత్రమే తెరిచి చూసేవాళ్లకు మచ్చలు తక్కువ.

## మన బరోడా డబ్బా

పశ్చిమ దేశాల్లో 1960ల మధ్యకే ముగిసిపోయిన కథ మన దగ్గర చాలాకాలం నడిచింది. విదేశీ వస్తువుల దిగుమతి మీద గట్టి ఆంక్షలున్న రోజులు. కార్ట్రిడ్జ్ కెమెరాలు మనవాళ్ల చేతికి పెద్దగా రాలేదు. బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ ఆగ్ఫా పేరుతో తయారుచేసిన క్లిక్ త్రీ ఆ ఖాళీలో కూర్చుంది. జర్మనీలో 1958లో మొదలైన క్లిక్ వరసకు ఇది మన దేశపు కొనసాగింపు. 120 రీలు, 12 చదరపు ఫొటోలు. తెలుగు ఇళ్లలోని పాత ఆల్బమ్‌లలో, నల్ల కాగితం మీద మూల అట్టలతో అతికించిన చిన్న చదరపు ఫొటోలు కనిపిస్తే, అవి ఇలాంటి కెమెరాల సంతానం కావడానికి ఎక్కువ అవకాశం. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 'ఇందు' ఫిల్మ్ కూడా అప్పట్లో ఊరూరి స్టూడియోలకు చేరింది. ఆ ప్రభుత్వ సంస్థ ఇప్పుడు మూతపడింది.

క్లిక్ త్రీ చుట్టూ ఉన్న విరోధాభాసం ఇదే: మన దగ్గర ఎక్కువగా దొరుకుతుంది కాబట్టి అరుదు అనడానికి వీల్లేదు. కానీ 120 రీలు పడుతుంది కాబట్టి, దీనికంటే ఖరీదైన ఎన్నో విదేశీ డబ్బాలకంటే ఇది పనికొచ్చే కెమెరా. ఇంగ్లండ్‌లోనో జర్మనీలోనో ఉన్న సేకర్తకు 'మేడ్ ఇన్ ఇండియా' అని అచ్చున్న ఆగ్ఫా కొత్తగా అనిపిస్తుంది. అదే వస్తువు రాజమండ్రిలో మామూలు, అక్కడ వింత. కొన్ని ధరల తేడా అమ్మేవాడి ఆశ వల్ల వస్తే, కొంత తేడా ఇలా చోటు మారినందువల్ల వస్తుంది.

## పాతదనం ఒక్కటే ధర కాదు

సంఖ్యలు చూస్తే ఈ విషయం తేలికవుతుంది. 1930లో ఈస్ట్‌మన్ కోడక్ తన యాభయ్యో వార్షికోత్సవానికి, ఆ ఏడాది పన్నెండేళ్లు నిండే అమెరికా పిల్లలకు ఒక డబ్బా కెమెరాను ఉచితంగా పంచింది. దాదాపు 5 లక్షలు. తొంభై ఏళ్లు దాటినా అవి ఇంకా బోలెడు ఉన్నాయి. జర్మనీలో 1932లో ఆగ్ఫా ఇంకో చిత్రమైన ఎత్తు వేసింది. ఒక్కో మార్కు నాణెం మీద అది ఏ టంకశాలలో తయారైందో చెప్పే అక్షరం ఉండేది. ఏ, జీ, ఎఫ్, ఏ అక్షరాలున్న నాలుగు నాణేలు తెచ్చిస్తే కెమెరా మీదే. జనం ఆ అక్షరాల కోసం చిల్లర వెతికారు. దాదాపు 9 లక్షల కెమెరాలు అమ్ముడుపోయాయి. పాతదే, కథ కూడా ఉంది, కానీ అరుదైనదా అంటే కాదు.

దీనికి ఎదురుగా బో బ్రౌనీ ఉంది. 1930 నుంచి 1933 దాకా తయారైన ఈ కెమెరా ముందుభాగాన్ని వాల్టర్ డోర్విన్ టీగ్ రంగురంగుల జ్యామితీయ గీతలతో దిద్దాడు. లోపల మామూలు బ్రౌనీయే. అయినా నల్లదానికి ఒక ధర, నీలానికి ఒకటి, గులాబీ రంగుకు ఇంకా పైన. అలాగే 1900 నాటి తొలి బ్రౌనీలోనూ మొదటి కొన్ని నెలలు వెనక మూత చెప్పుల అట్టపెట్టె మూతలా పైనుంచి తొడిగేది. అది ఊడిపోతోందని తర్వాత కీలు పెట్టారు. ఆ మొదటి రకం వెనకమూతతో మిగిలినవాటి కోసం సేకర్తలు ఎక్కువ ఇస్తారు. బయటివాళ్లకు రెండూ ఒకటే అట్టపెట్టె. ధర నిర్ణయించేది ఏళ్ల సంఖ్యకంటే రకం, రంగు, మూత అన్నమాట.

ఏ సంవత్సరంలో తయారైందో కెమెరాయే చెప్పే సందర్భాలూ ఉన్నాయి. అమెరికాలో 1949 నుంచి 1961 దాకా వచ్చిన బ్రౌనీ హాకై లోపల, ఫిల్మ్ ఆనే చోట నాలుగు అక్షరాలు కనిపిస్తాయి. కోడక్ తన తేదీలను 'కెమెరోసిటీ' (CAMEROSITY) అనే మాటతో దాచిపెట్టింది. సి అంటే 1, ఏ అంటే 2, ఎమ్ 3, ఈ 4, ఆర్ 5, ఓ 6, ఎస్ 7, ఐ 8, టి 9, వై సున్నా. మొదటి రెండు అక్షరాలు నెల, తర్వాతి రెండు సంవత్సరం. 'వై టి ఆర్ ఏ' అని ఉంటే 0, 9, 5, 2: అంటే 1952 సెప్టెంబరు. ప్రకటనలో '1930ల నాటి హాకై' అని రాసి ఉంటే ఈ నాలుగక్షరాల ఫొటో అడిగితే సరిపోతుంది.

## స్థితి: పైన మెరుపు, లోపల ఫంగస్

డబ్బాలో పాడయ్యేవి తక్కువ. పాడైతే మాత్రం ధర సగానికి సగం పడిపోతుంది. షట్టర్ స్ప్రింగు బిగుసుకుపోవడం, రెగ్జిన్ తొడుగు మూలల్లో లేచిపోవడం, బేకలైట్‌లో సన్నని బీట, చూసే కిటికీలోని అద్దం పూత రాలిపోవడం, వెనక మూత వదులై వెలుగు చొరబడటం. విశాఖ, కాకినాడ, బందరు లాంటి తీరప్రాంతాల్లో వీటన్నిటికీ ముందు వచ్చేది లెన్స్ మీద ఫంగస్. దీనికి తోలు కేసు మంచిదనుకుంటారు. అసలు తేమను పట్టి ఉంచేదే తోలు కేసు. కేసు ఉంటే వస్తువుల సెట్టుకు విలువ పెరుగుతుంది నిజమే, అయితే కెమెరాను అందులోనే బంధించి ఉంచితే లెన్స్‌కు నష్టం. ఈ రెండూ ఒకేసారి నిజమే కాబట్టి కేసును పక్కన, కెమెరాను సిలికా జెల్ పొట్లాలతో వేరే డబ్బాలో పెట్టుకునేవాళ్లు ఎక్కువ.

ఒంటి లెన్స్ కెమెరాలకు ఒక మేలుంది: విప్పి తుడవడం సులువు. పది బిళ్లల లెన్స్‌లో ఫంగస్ పట్టినప్పటిలా దీనికి భయపడక్కర్లేదు. చూసే అద్దం మాత్రం వేరు. దాని వెండి పూత పైభాగానే ఉంటుంది, గుడ్డ పెట్టి రుద్దితే పూతే ఊడివస్తుంది.

బాగుచేయడం మీద రెండు పక్షాలున్నాయి. రెగ్జిన్ మార్చి, లోహపు పట్టీలకు మెరుగు పెట్టి, కొత్తదానిలా చేసి అమ్మితే అందంగా ఉంటుందని ఒకరు. గీత, మరక, పాత యజమాని గోటితో గీసిన పేరు, అవన్నీ ఆ వస్తువు జీవితంలో భాగమేనని ఇంకొకరు. మ్యూజియంలు సాధారణంగా రెండోవారి వైపే ఉంటాయి. చేసిన ప్రతి మార్పూ తిరిగి తీసేయగలిగేలా ఉండాలన్నది వాళ్ల పద్ధతి. మార్కెట్‌లో మాత్రం రంగు మార్చిన కెమెరా కొత్తవాళ్లకు బాగా అమ్ముడవుతుంది, అనుభవమున్న సేకర్తకు అమ్ముడవదు. వీటికితోడు ఇత్తడి మెరుపుతో, చెక్క స్టాండుతో కొత్తగా చేసిన షోపీసులు కూడా 'వింటేజ్ కెమెరా' పేరుతో తిరుగుతున్నాయి. వాటి వెనక మూత తెరిచి చూస్తే చాలావాటిలో ఫిల్మ్ వేసే చోటే ఉండదు.

## అల్మరాలోనా, చేతిలోనా

సేకర్తల్లో అసలైన విభజన ఇక్కడ ఉంది. వాడకుండా దాచేవాళ్ల మాటలో న్యాయముంది. డెబ్బై ఏళ్ల స్ప్రింగు ప్రతిసారీ కొంచెం అలసిపోతుంది, అది విరిగితే విడిభాగం దొరకదు. పెట్టె, పుస్తకం, ఫ్లాష్ బల్బులతో సహా పూర్తిగా ఉన్న సెట్టును బయటికి తీసుకెళ్లి ఎండలో తిప్పడం వాళ్లకు నచ్చదు. వాడేవాళ్లు చెప్పేదీ కొట్టిపారేయలేం. ఏళ్ల తరబడి కదలని షట్టరే ముందుగా బిగుసుకుపోతుంది. పైగా ఇవి లక్షల్లో తయారైన వస్తువులు, ఒకటి పాడైతే చరిత్రకు లోటేమీ రాదు.

ఈ రెండో గుంపులో ఇంకా ముందుకెళ్లేవాళ్లున్నారు. బ్రౌనీ హాకై లెన్స్‌ను విప్పి తిరగేసి బిగిస్తారు. అప్పుడు మధ్యభాగం మాత్రమే స్పష్టంగా ఉండి, చుట్టూ ఉన్నదంతా సుడి తిరిగినట్టు మసకబారుతుంది. ఇంజనీర్లు సరిదిద్దాలని కష్టపడిన లోపాన్నే వీళ్లు కోరి తెచ్చుకుంటున్నారు. లెన్స్‌ను మళ్లీ మామూలుగా పెట్టేయొచ్చు కాబట్టి దాచేవాళ్లు కూడా దీన్ని చూసీచూడనట్టు వదిలేస్తారు, ఒర అరగదీయడాన్ని వదలరు.

రెండు గుంపులూ ధర కట్టేటప్పుడు వేర్వేరు వస్తువులను చూస్తాయి. దాచేవాళ్లకు పెట్టె, రసీదు, రంగు, రకం ముఖ్యం. షట్టర్ పనిచేయకపోయినా కొంటారు. వాడేవాళ్లకు రీలు నంబరు, షట్టర్, లెన్స్ ముఖ్యం. పెట్టె లేకపోయినా ఫర్వాలేదు. కాబట్టి అమ్మే ప్రకటనలో రెండు ధరలు కనిపిస్తే ఒకరు మోసగాడని వెంటనే తేల్చక్కర్లేదు. ఎవరిని దృష్టిలో పెట్టుకుని రాశారో చూడాలి. ఏ వివరమూ ఇవ్వకుండా 'అరుదైనది' అని మాత్రమే రాసినదాన్ని అనుమానించడంలో తప్పులేదు.

## లోపల రీలు ఉంటే

అటక మీది డబ్బాల్లో అప్పుడప్పుడు సగం తీసిన రీలు అలాగే ఉండిపోతుంది. ఎర్ర కిటికీలో నంబరు కనిపిస్తే లోపల ఫిల్మ్ ఉన్నట్టే. ఆత్రంగా వెనక మూత తెరిస్తే అప్పటిదాకా నిలిచిన బొమ్మలు ఆ క్షణంలో పోతాయి. మూత తీయకుండా చివరిదాకా తిప్పేస్తే కాగితం చుట్టుకుని రీలు భద్రమవుతుంది.

నలుపు తెలుపు ఫిల్మ్ అయితే దశాబ్దాల తర్వాత కూడా ఏదో ఒక బొమ్మ వచ్చే అవకాశముంది. వేడి, తేమ ఎక్కువగా తగిలిన ఇళ్లలో అది తగ్గుతుంది. రంగుల ఫిల్మ్ అయితే ఇంకో అడ్డంకి. 1950ల చివరి నాటి కోడాకలర్ ఫిల్మ్‌ను కడిగే సి-22 పద్ధతి ఇప్పుడు మామూలు ల్యాబుల్లో లేదు, దాన్ని నలుపు తెలుపుగా మాత్రమే రాబట్టగలరు. ఈ రెండింటిలో ఏదో తెలియాలంటే రీలు చుట్టూ ఉన్న కాగితం పట్టీ మీద అచ్చయిన పేరు చదవాలి. ఇలాంటి పాత రీళ్లు కడగడానికి ఒప్పుకునే ల్యాబులు కొద్దిగానే ఉన్నాయి. వాళ్లు మొదట అడిగేది కూడా ఆ పేరే.